రక్తపోటు మందులు: భద్రత, దుష్ప్రభావాలు

రక్తపోటు మందుల దుష్ప్రభావాల్లో చాలావరకు ఆ మందు పనిచేసే తీరులోంచే పుడతాయి. ధమనులను వదులు చేసే మందు కాళ్ళకు వాపు తెస్తుంది. ఉప్పును మూత్రంలో బయటికి పంపే మందు రక్తంలో సోడియాన్ని, పొటాషియాన్ని తగ్గిస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే మందుతో ఒంట్లో సత్తువ లేనట్టు అనిపిస్తుంది. అందుకే ఏ మాత్రతో ఏ ఇబ్బంది రావచ్చో వైద్యులు చాలావరకు ముందే చెప్పగలరు, ఒక రక్తపరీక్షతోనో ఒకటి రెండు ప్రశ్నలతోనో దాన్ని పట్టుకోగలరు, మోతాదు తగ్గించో మందు మార్చో సరిచేయగలరు. ఊహకు అందకుండా వచ్చేవి కొన్ని ఉన్నాయి. అవి అరుదు, కానీ వాటిలో ఒకటి రెండు ప్రాణం మీదికి తెచ్చేవి.

ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని అధిక రక్తపోటుగా లెక్కిస్తారు. పెరిగిన రక్తపోటు సాధారణంగా ఏ బాధా పెట్టదు. లోలోపల ఏళ్ళ తరబడి గుండెను, మెదడును, మూత్రపిండాలను, కంటి తెరను దెబ్బతీస్తుంది. మాత్ర మాత్రం మొదటి వారంలోనే తన ఉనికిని తెలియజేయవచ్చు. అప్పటిదాకా బాగానే ఉన్న మనిషికి మందు మొదలుపెట్టాకే నలతగా ఉంటే నేరం మందుదే అనిపించడం సహజం. చాలామంది డాక్టరుతో చెప్పకుండానే మాత్రలు మానేసేది ఇక్కడే. కాబట్టి ఈ జబ్బులో చిన్న దుష్ప్రభావాన్ని కూడా తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు.

పాత మందులు

మొదట్లో వచ్చిన మందులు రోగిని నిజంగానే కష్టపెట్టాయి. 1950ల ఆరంభంలో వాడిన హెక్సామిథోనియం లాంటి మందులతో రక్తపోటు పడిపోయేది, దాంతోపాటు మనిషీ పడిపోయేవాడు: లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, తీవ్రమైన మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం బిగుసుకుపోవడం. అదే కాలంలో భారతదేశపు సర్పగంధ ప్రపంచ వైద్యుల దృష్టికి వచ్చింది. బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దానిమీద తన అనుభవాన్ని ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. ముక్కు దిబ్బడ, మగత, దిగులు దాని దుష్ప్రభావాలుగా పేరుపడ్డాయి. దిగులు ఎక్కువగా పెద్ద మోతాదుల నాటి మాట, తక్కువ మోతాదులో ఆ సంబంధం అంత గట్టిది కాదని తర్వాతి పరిశీలనలు సూచించాయి.

ఇన్ని ఇబ్బందులున్నా ఆ మందులను వైద్యులు వదులుకోకపోవడానికి కారణం ఉంది. 1967లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి ఒక అధ్యయనం వెలువడింది. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది పురుషుల్లో సగం మందికి మూడు మందులు, మిగతా సగానికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రల వర్గంలో 27 మంది తీవ్రమైన ప్రమాదానికి గురికాగా, మందులు వాడినవారిలో అలా జరిగింది ఇద్దరికే. మందు వాడితే వచ్చే ఇబ్బందిని ఎప్పుడూ మందు వాడకపోతే వచ్చే ముప్పు పక్కన పెట్టి చూడాలన్నది అప్పటి నుంచి ఈ వైద్యానికి ఆధారం.

ఉప్పును బయటికి పంపే మందులు

వీటిని థయాజైడ్‌లనీ మూత్రం మాత్రలనీ అంటారు. 1958లో వాడుకలోకి వచ్చిన క్లోరోథయాజైడ్ ఈ కోవలో మొదటిది. ఇప్పుడు హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ ఎక్కువగా వాడుతున్నారు. వీటికున్న చెడ్డపేరులో కొంత పాత మోతాదులది. ఒకప్పుడు రోజుకు 50, 100 మిల్లీగ్రాములు ఇచ్చిన హైడ్రోక్లోరోథయాజైడ్‌ను ఇప్పుడు సాధారణంగా 12.5 లేదా 25 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తున్నారు.

పొటాషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, నీరసం వస్తుంది, గుండె లయ తప్పవచ్చు. గుండె మందు డిజాక్సిన్ వాడేవారికి ఇది మరింత ప్రమాదం. క్లోర్‌థాలిడోన్‌నూ హైడ్రోక్లోరోథయాజైడ్‌నూ పోల్చి 13,523 మంది మీద జరిపిన అమెరికా అధ్యయనం 2022లో వెలువడింది. గుండె ప్రమాదాలను తగ్గించడంలో రెండింటికీ తేడా కనిపించలేదు గానీ, పొటాషియం తగ్గడం క్లోర్‌థాలిడోన్‌తో ఎక్కువగా కనిపించింది. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి గౌట్ ఉన్నవారికి కాలి బొటనవేలు ఎర్రగా వాచి భరించలేని నొప్పి రావచ్చు. చక్కెర కొద్దిగా పెరగవచ్చు. కొందరు మగవారికి అంగస్తంభనలో ఇబ్బంది వస్తుంది. ఈ ఒక్కటే డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి మందు మానేసేవారు ఉంటారు, అందుకే అది డాక్టరే అడగాల్సిన ప్రశ్న.

వీటన్నిటికంటే జాగ్రత్తగా కనిపెట్టి ఉండాల్సింది సోడియం తగ్గడం. డెబ్బై దాటినవారిలో, ముఖ్యంగా బక్కపలచని ఆడవారిలో, మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనే ఇది రావచ్చు. పెద్దావిడ మాట తడబడుతుంది, నడక తూలుతుంది, అన్నం సహించదు, పగలంతా మగతగా పడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు, మతిమరుపు మొదలైందనుకుంటారు. చవకైన సోడియం పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మందు ఆపి చికిత్స చేస్తే ఆవిడ చాలావరకు మామూలు మనిషవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

హైడ్రోక్లోరోథయాజైడ్ చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. దీర్ఘకాలం వాడితే ఒకరకం చర్మ క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరిక చేర్పించింది. ఆ లెక్క ప్రకారం ఏడాదికి 16,000 మందిలో ఒకరికి అదనంగా వస్తుంది. ముప్పు ప్రధానంగా తెల్లచర్మం వారికి. ఇది చూసి మందు మానుకోవాల్సిన అవసరం లేదని కూడా ఆ సంస్థే చెప్పింది.

ప్రిల్‌లు, సార్టాన్‌లు

ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ ఒక కుటుంబం. లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఒల్మెసార్టాన్, వాల్సార్టాన్ మరో కుటుంబం. రెండూ రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని అడ్డుకునేవే. మొదటి కుటుంబం కథ బ్రెజిల్‌లో జరరాకా అనే పాము విషంతో మొదలైంది. 1960లలో శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా ఆ విషంలో రక్తపోటును పడగొట్టే పదార్థాలను గుర్తించగా, ఆ దారిలో తయారైన క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలినాళ్ళలో భారీ మోతాదులు ఇవ్వడంతో దద్దుర్లు, నాలుకకు రుచి తెలియకపోవడం, తెల్ల రక్తకణాలు తగ్గడం చూశారు. మోతాదు తగ్గించాక వాటిలో చాలావరకు సద్దుమణిగాయి.

తగ్గనిది దగ్గు. యాంజియోటెన్సిన్‌ను తయారుచేసే ఎంజైమే బ్రాడీకైనిన్ అనే మరో పదార్థాన్ని విరగ్గొడుతుంది. ఎంజైమును ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుని గొంతులో గరగర, కఫం లేని పొడిదగ్గు మొదలవుతాయి. వాడేవారిలో 5 నుంచి 20 శాతం వరకు ఇది కనిపిస్తుంది, చైనా, జపాన్ ప్రాంతాలవారిలో ఇంకా ఎక్కువ. మాత్ర మొదలైన నెలల తర్వాత కూడా దగ్గు రావచ్చు కాబట్టి ఎవరికీ మాత్ర గుర్తుకురాదు. దగ్గు మందులు, యాంటీబయాటిక్‌లు, ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష అన్నీ అయ్యాక గానీ చీటీలో ‘ప్రిల్’ ఉందని ఎవరూ చూడరు. మందు మార్చాక దగ్గు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. సార్టాన్‌లు బ్రాడీకైనిన్ జోలికి వెళ్ళవు కనుక వాటితో ఈ దగ్గు రాదు. ప్రిల్ పడనివారికి సార్టాన్ రాయడం వెనక తర్కం ఇదే.

ఆ బ్రాడీకైనిన్ వల్లే వచ్చే మరో ఇబ్బంది అరుదైనది, ప్రమాదకరమైనది. పెదవులు, నాలుక, గొంతు ఉన్నట్టుండి ఉబ్బిపోతాయి. వందలో ఒకరికంటే తక్కువమందికే వస్తుంది, ఆఫ్రికా మూలాలున్నవారిలో ఎక్కువ. మందు మొదలుపెట్టిన తొలి వారంలో రావచ్చు, ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్ళ తరబడి వాడాక కూడా రావచ్చు. దురద, దద్దుర్లు ఉండవు కాబట్టి ఎలర్జీ అనిపించదు. గొంతు మూసుకుపోతే నిమిషాల మీద ప్రాణం పోతుంది, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. ఒకసారి ఇలా వచ్చినవారు ఆ కుటుంబంలోని ఏ మందునూ జీవితంలో మళ్ళీ వాడకూడదు. ఈ సంగతి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోవడం మంచిది. చక్కెర జబ్బుకు వాడే గ్లిప్టిన్‌లు ప్రిల్‌లతో కలిస్తే ఈ ముప్పు కొంత పెరుగుతుంది. గుండె వైఫల్యానికి వాడే సాకుబిట్రిల్‌ను ప్రిల్‌తో కలిపి ఇవ్వకూడదు, రెండింటి మధ్య కనీసం 36 గంటల ఎడం ఉండాలి.

ఈ రెండు కుటుంబాలూ పొటాషియాన్ని పెంచుతాయి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి ఇది గుండె లయను దెబ్బతీసేంత దూరం వెళ్ళవచ్చు. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ మాట వేరు. బీపీ మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయన్న భయం తెలుగునాట గట్టిగా పాతుకుపోయింది, ఈ మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరగడం ఆ భయానికి ఆజ్యం పోస్తుంది. జరిగేది ఏమిటంటే, మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల కూడలిలో ఒత్తిడి తగ్గుతుంది. వడపోత కాస్త తగ్గి అంకె పెరుగుతుంది. 30 శాతం లోపు పెరిగి అక్కడే ఆగితే సాధారణంగా మందు ఆపరు. ఒత్తిడి తగ్గినందువల్లే ఆ వడపోత నాళాలు ఎక్కువ కాలం మన్నుతాయి, ముఖ్యంగా చక్కెర జబ్బుతో మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి. అంతకు మించి పెరిగితే మూత్రపిండాలకు వెళ్ళే ధమనులు సన్నబడ్డాయేమో, ఒంట్లో నీరు ఇంకిపోయిందేమో, నొప్పి మాత్రలు తోడయ్యాయేమో వెతకాలి. నిజానికి మూత్రపిండాలను ఎక్కువగా పాడుచేసేది అదుపులేని రక్తపోటే.

ప్రిల్‌ను, సార్టాన్‌ను కలిపి ఇస్తే మేలు రెట్టింపవుతుందన్న ఆశ 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ అధ్యయనంతో ఆవిరైపోయింది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ విడివిడిగానూ కలిపీ పరీక్షించగా, కలిపినవారికి అదనపు మేలు ఏమీ లేదు, రక్తపోటు మరీ పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం మాత్రం పెరిగాయి. ఇక ఒల్మెసార్టాన్‌కు ఒక్కదానికే ప్రత్యేకంగా పేరుపడ్డ దుష్ప్రభావం ఒకటుంది. నెలలో ఏళ్ళో వాడాక ఆగని నీళ్ళ విరేచనాలు, బరువు తగ్గడం వస్తాయి. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2012లో ఇలాంటి 22 మందిని వివరించారు. మందు ఆపాక వారు కోలుకున్నారు. మొత్తమ్మీద సార్టాన్‌లు ఒంటికి చాలా బాగా పడే మందులు. అధ్యయనాల్లో వీటితో కనిపించే ఫిర్యాదులు ఉత్తుత్తి మాత్రలతో కనిపించేవాటికి దాదాపు సమానం.

ఆమ్లోడిపిన్, దాని బంధువులు

తెలుగు రాష్ట్రాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా అన్నిచోట్లా కనిపించే మందు ఆమ్లోడిపిన్. చవక, రోజుకొక్క మాత్ర, రక్తపరీక్షల అవసరం దాదాపు లేదు. ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది గనుక ఒక పూట మరిచిపోయినా రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకదు.

దీని ప్రధానమైన చిక్కు పాదాల వాపు. పొద్దున లేచేసరికి మామూలుగా ఉంటుంది, సాయంత్రానికి చెప్పుల పట్టీలు బిగుసుకుంటాయి, చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడుతుంది. 5 మిల్లీగ్రాములతో కంటే 10 మిల్లీగ్రాములతో, మగవారికంటే ఆడవారికి ఎక్కువ. గుండె చెడిందనో కిడ్నీలు పాడయ్యాయనో ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. అసలు కారణం, మందు చిన్న ధమనులను వెడల్పు చేసినంతగా సిరలను చేయదు. లోపలికి వచ్చే రక్తం పెరిగి, పోయే దారి అలాగే ఉండడంతో సన్నటి నాళాల్లోంచి నీరు చుట్టూ ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీరు తీసే మాత్ర దీనికి సరైన విరుగుడు కాదు. అయినా వాపు చూసి ఫ్యూరోసెమైడ్ రాయడం, దానితో పొటాషియం తగ్గడం, దానికి పొటాషియం సిరప్ రాయడం తరచుగా జరిగే పొరపాటు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి మరో మందు, దాని ఇబ్బందికి ఇంకొకటి. చేయాల్సింది మోతాదు తగ్గించడం, లేదా ప్రిల్‌నో సార్టాన్‌నో జోడించడం. అవి సిరలను కూడా వదులు చేస్తాయి కనుక వాపు తగ్గుతుంది. వాపు తక్కువగా తెచ్చే సిల్నిడిపిన్‌కు మార్చడం భారతదేశంలోనూ జపాన్‌లోనూ వాడుకలో ఉన్న పద్ధతి. అయితే వాపు ఒక్క కాలికే వచ్చినా, ఆయాసం తోడైనా, ముఖం కూడా ఉబ్బినా మందు మీద నెట్టేయకుండా పరీక్ష చేయించాలి.

తలనొప్పి, ముఖంలో వేడి ఆవిర్లు మొదటి రోజుల్లో ఉండి తగ్గిపోతాయి. కొందరికి చిగుళ్ళు పెరిగి పళ్ళమీదికి వస్తాయి, నోటి శుభ్రత సరిగా లేనివారిలో ఎక్కువ. ఇదే కుటుంబంలోని వెరాపమిల్ గట్టి మలబద్ధకం తెస్తుంది. వెరాపమిల్, డిల్టియాజెమ్ రెండూ గుండె వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి అదే పని చేసే బీటా నిరోధకాలతో కలిపితే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఈ సందర్భంలో చెప్పక తప్పని మాట ఒకటుంది. బీపీ చాలా ఎక్కువగా ఉందని నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను చిదిమి నాలుక కింద పోసే అలవాటు ఒకప్పుడు చాలా దేశాల్లో ఉండేది. రక్తపోటు నిమిషాల్లో పాతాళానికి జారి, మెదడుకు, గుండెకు రక్తం అందక పక్షవాతాలు, గుండెపోట్లు, మరణాలు జరిగాయి. ఆ అలవాటును మానుకోవాలని 1996లో జామా వైద్య పత్రిక ద్వారా నిపుణులు పిలుపునిచ్చారు. బాధలేవీ లేకుండా అంకె మాత్రమే పెరిగి ఉన్న మనిషికి దాన్ని గంటలో దించాల్సిన అవసరం లేదు, దించడం హాని.

బీటా నిరోధకాలు

శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960లలో తయారుచేసిన ప్రొప్రనలాల్ ఈ వర్గానికి ఆద్యం. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధనల్లో ఇదొకటి. అటెనలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్ తర్వాతివి. గుండెపోటు వచ్చినవారికి, గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవి ప్రాణరక్షకాలు. వట్టి రక్తపోటుకే అయితే మొదటి మందుగా వీటి స్థానం తగ్గింది. 2002 నాటి లైఫ్ అధ్యయనంలో అటెనలాల్ వాడినవారికంటే లోసార్టాన్ వాడినవారికి పక్షవాతం తక్కువగా వచ్చింది. 2006లో బ్రిటన్ మార్గదర్శకాలు వీటిని తొలి వరస నుంచి తప్పించాయి.

అలసట, చేతులు కాళ్ళు చల్లబడడం, నాడి నెమ్మదించడం మామూలుగా కనిపించేవి. ఉబ్బసం ఉన్నవారికి శ్వాసనాళాలు బిగుసుకుని ప్రమాదం రావచ్చు, ముఖ్యంగా ప్రొప్రనలాల్‌తో. ఇన్సులిన్ వాడేవారిలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు వీటివల్ల తెలియకుండా పోతాయి. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి. ఈ మందును ఉన్నపళంగా మానేస్తే గుండె ఒక్కసారిగా ఉరకలెత్తి ఛాతీ నొప్పి, గుండెపోటు రావచ్చు. ఆపాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో మెల్లమెల్లగా తగ్గించాలి.

మిగతా మందులు

మూడు మందులకూ లొంగని రక్తపోటుకు స్పైరోనొలాక్టోన్ కలుపుతారు. పొటాషియం పెరగడం దీని అసలు ప్రమాదం. మగవారిలో రొమ్ములు ఉబ్బి నొప్పి పుట్టవచ్చు, ఎప్లెరెనోన్‌తో ఈ ఇబ్బంది తక్కువ. ప్రజోసిన్ మొదటి మాత్రకే కొందరు లేచి నిలబడగానే స్పృహ తప్పుతారు కాబట్టి దాన్ని తక్కువ మోతాదులో రాత్రి పడుకునే ముందు మొదలుపెడతారు. క్లోనిడిన్ నోరు ఎండబెడుతుంది, మగత తెస్తుంది. దాన్ని హఠాత్తుగా ఆపితే రక్తపోటు మునుపటికంటే పైకి ఎగబాకుతుంది. మినాక్సిడిల్ మాత్రలు వాడినవారికి ఒళ్ళంతా వెంట్రుకలు పెరగడం గమనించాకే అది బట్టతలకు రాసుకునే మందుగా మారింది.

మరో మందు తోడైతే

రక్తపోటు మందుకు అతి మామూలు శత్రువు నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒంట్లో ఉప్పు నిలవచేసి రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ప్రిల్ లేదా సార్టాన్, మూత్రం మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకేసారి పడితే, ఆపైన వాంతులో విరేచనాలో తోడైతే, మూత్రపిండాలు రోజుల్లో మొరాయించవచ్చు. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కోవడం, ఊళ్ళో ఆర్‌ఎంపీతో నొప్పి సూది వేయించుకోవడం అలవాటైన చోట ఈ కలయిక రోజూ జరిగేదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలా మూత్రపిండాల జబ్బు విస్తారంగా ఉన్న ప్రాంతంలో దీన్ని మరింత పట్టించుకోవాలి. నొప్పికి పారసెటమాల్ ఇంతకంటే సురక్షితం.

స్ట్రిప్పు మీది పేరు చివర అక్షరాలు చూడడం కూడా ఉపయోగం. ‘హెచ్’ ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్, ‘ఏఎం’ ఉంటే ఆమ్లోడిపిన్ కలిసి ఉన్నట్టు. ఒకే మాత్ర వేసుకుంటున్నామనుకునేవారు నిజానికి రెండు మూడు మందులు వేసుకుంటూ ఉంటారు. ఇద్దరు డాక్టర్లు రెండు కంపెనీల పేర్లతో రాసినందువల్ల ఆమ్లోడిపిన్ రెండుసార్లు పడేవారూ ఉంటారు.

క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆమ్లోడిపిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేసి రక్తపోటును మరీ పడగొట్టవచ్చు. ఆమ్లోడిపిన్ వాడేవారికి కొలెస్ట్రాల్ మందు సింవాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మానసిక జబ్బుకు లిథియం వాడేవారికి థయాజైడ్‌లు, ప్రిల్‌లు, సార్టాన్‌లు దాన్ని విషస్థాయికి చేర్చగలవు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ రక్తపోటును పెంచుతుంది. దగ్గుకు చప్పరించే అతిమధురం ఎక్కువైతే పొటాషియాన్ని తగ్గించి రక్తపోటును పెంచుతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో ఉండేది పొటాషియం, కొబ్బరినీళ్ళలోనూ అదే. మూత్రపిండాలు బాగున్నవారికి వీటితో చిక్కులేదు. మూత్రపిండాల జబ్బు ఉండి సార్టాన్‌నో స్పైరోనొలాక్టోన్‌నో వాడేవారు డాక్టరును అడిగాకే తీసుకోవాలి.

ఎండాకాలం సంగతి దీనికి దగ్గరిదే. చెమటతో నీరు, ఉప్పు పోయి రక్తపోటు దానంతటదే కొంత తగ్గుతుంది. చలికాలంలో సరిపోయిన మోతాదు వైశాఖపు ఎండల్లో ఎక్కువై, లేవగానే కళ్ళు తిరగవచ్చు. వాంతులు, విరేచనాలు, ఏమీ తాగలేని జ్వరం ఉన్న రోజుల్లో మూత్రం మాత్రలు, ప్రిల్‌లు, సార్టాన్‌లు తాత్కాలికంగా ఆపాలా అని డాక్టరును అడగాలి. కోలుకుని మామూలుగా తింటున్నాక మళ్ళీ మొదలుపెట్టడం మరువకూడదు.

గర్భిణులు, వృద్ధులు

గర్భిణులకు ప్రిల్‌లు, సార్టాన్‌లు నిషిద్ధం. నాలుగో నెల నుంచి అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి, పుర్రె ఎముకలు సరిగా ఏర్పడవు, బిడ్డ దక్కకపోవచ్చు. పిల్లలు కావాలనుకునే స్త్రీకి ఈ మాత్రలు రాసేటప్పుడే ఈ విషయం చెప్పాలి. గర్భం నిలిచాక తెలిస్తే వెంటనే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి, భయపడి అన్ని మందులూ మానేయకూడదు. లాబెటలాల్, మిథైల్‌డోపా, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ గర్భంలో దశాబ్దాలుగా వాడుతున్నవి.

ముసలితనంలో మందులు వాడకపోవడమే మేలన్న అభిప్రాయాన్ని 2008 నాటి హైవెట్ అధ్యయనం మార్చేసింది. 80 దాటిన 3,845 మందిలో ఇండపమైడ్ ఆధారంగా చికిత్స పొందినవారిలో మరణాలు 21 శాతం తగ్గాయి. పై అంకెను 120 లోపుకు దించి చూసిన 2015 నాటి స్ప్రింట్ అధ్యయనంలో గుండె ప్రమాదాలు, మరణాలు తగ్గినా, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం, లవణాల తేడాలు, మూత్రపిండాలకు హఠాత్తుగా దెబ్బ తగలడం పెరిగాయి. కాబట్టి పెద్దవారికి నిలబెట్టి కూడా రక్తపోటు చూడాలి. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తుంటి విరగడం ఆ వయసులో చిన్న విషయం కాదు. మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా అన్న సందేహాన్ని 21,104 మంది మీద జరిగి 2022లో వెలువడిన బ్రిటన్ టైమ్ అధ్యయనం తీర్చింది: గుండె ప్రమాదాల్లో తేడా లేదు. మరిచిపోకుండా వేసుకోగలిగే వేళే సరైన వేళ.

మోతాదు, భయం

354 అధ్యయనాలను కలిపి 2003లో చేసిన విశ్లేషణ ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది. మోతాదును సగానికి తగ్గిస్తే రక్తపోటు తగ్గించే శక్తి 20 శాతమే పోతుంది. థయాజైడ్‌లు, బీటా నిరోధకాలు, ఆమ్లోడిపిన్ కుటుంబం వల్ల వచ్చే ఇబ్బందులు మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతాయి. ఒకే మందును పెంచుకుంటూ పోయేకంటే రెండు మందులను తక్కువ మోతాదుల్లో కలపడం మేలన్న నేటి పద్ధతికి ఇది పెద్ద ఆధారం. తెలంగాణ తొలిదశలోనే చేరిన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కూడా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ లాంటి కొద్ది మందులనే మెట్లు మెట్లుగా కలుపుకుంటూ పోయే పద్ధతిని అనుసరిస్తోంది.

భయం కూడా దుష్ప్రభావాన్ని పుట్టించగలదు. 2003లో ఇటలీ వైద్యులు 96 మంది మగవారికి అటెనలాల్ ఇచ్చారు. ఏ మందో చెప్పనివారిలో 3.1 శాతం మందికి, మందు పేరు మాత్రమే తెలిసినవారిలో 15.6 శాతానికి, లైంగిక సమస్య రావచ్చని కూడా విన్నవారిలో 31.2 శాతానికి ఆ సమస్య వచ్చింది. వారు అబద్ధమాడారని కాదు, ఆ ఇబ్బంది వారికి నిజమే. దుష్ప్రభావాల గురించి దాచడం దీనికి పరిష్కారం కాదు. ఎంతమందికి వస్తుందో, ఎంతమందికి రాదో రెండూ చెప్పాలి.

తయారీలో వచ్చే లోపం మందు గుణానికి సంబంధించింది కాదు గానీ భద్రతలో భాగమే. 2018 జులైలో చైనాలోని జెజియాంగ్ హువాహై సంస్థ తయారుచేసిన వాల్సార్టాన్ ముడిసరుకులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం బయటపడింది. తయారీ పద్ధతి మార్చినప్పుడు అది పుట్టింది. తర్వాత హైదరాబాద్ సంస్థ ఒకదాని ఉత్పత్తులతో సహా మరికొన్ని సార్టాన్‌లను అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. అత్యధిక మోతాదును నాలుగేళ్ళపాటు 8,000 మంది వాడితే ఒకరికి అదనంగా క్యాన్సర్ రావచ్చని ఎఫ్‌డీఏ అంచనా వేసింది, బదులు మందు చేతికొచ్చేదాకా మాత్రలు ఆపవద్దని కోరింది. కెనడాలోని ఒంటారియోలో ఆ వార్త తర్వాత రక్తపోటు పెరిగి అత్యవసర విభాగాలకు వచ్చేవారి సంఖ్య పెరిగింది.

పరీక్షలు, నివేదన

ప్రిల్, సార్టాన్, స్పైరోనొలాక్టోన్ లేదా మూత్రం మాత్ర మొదలుపెట్టే ముందు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూసి, రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ చూస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇంకా ముందే చూడాలి. మోతాదు పెంచినప్పుడల్లా అదే పని, నిలకడగా ఉంటే ఆ తర్వాత ఏడాదికొకసారి. ఒక పూట మాత్ర మరిచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకూడదు.

మందు వల్ల వచ్చిందని అనుమానం ఉన్న ఏ ఇబ్బందినైనా ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. 2010లో మొదలైన ఈ కార్యక్రమానికి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కేంద్రాలున్నాయి, 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఫిర్యాదు డాక్టరే చేయాలన్న నియమం లేదు. రోగి గానీ, ఇంట్లోవాళ్ళు గానీ నింపి పంపే ఫారం తెలుగులోనూ దొరుకుతుంది. అందులో మందు పేరు, ఎప్పటి నుంచి వాడుతున్నదీ, ఇబ్బంది ఎప్పుడు మొదలైందీ, మందు ఆపాక తగ్గిందా లేదా అన్నవి రాస్తే సరిపోతుంది.